పాత వీడియో గేమ్‌ల ప్రత్యక్ష ప్రసారాలు: ప్రేక్షకుల స్పందన

టెట్రిస్, సూపర్ మారియో బ్రదర్స్, కాంట్రా, పోకెమాన్ వంటి పాత వీడియో గేమ్‌లను ఎవరో ఒకరు ఆడుతుంటే ఇంటర్నెట్‌లో అప్పటికప్పుడు చూడటం, చూస్తూనే తెర పక్కనున్న చాట్‌లో స్పందించడం గత పదిహేనేళ్లలో బాగా పెరిగిన వినోదం. ఆడే మనిషిని స్ట్రీమర్ అంటారు. కొత్తగా విడుదలైన ఆటలకున్నంత జనం వీటికి రారు. అయినా స్పందన విషయంలో పాత ఆటల ప్రసారాలదే పైచేయి. చూసేవాళ్లకు ఆట ముందే తెలిసి ఉండటమే ఇందుకు కారణం. ఇక్కడి మెప్పు, సలహా, ఎగతాళి, తగవు అన్నీ ఆ తెలిసినతనం నుంచే పుడతాయి.

తెలిసిన ఘట్టం కోసం ఎదురుచూపు

కొత్త ఆట చూసేవాడికి తర్వాత ఏం వస్తుందోనన్న ఆత్రుత ఉంటుంది. పాత ఆటలో ఆ ప్రశ్నే లేదు. మారియో మొదటి లెవెల్‌లో తొలి శత్రువు ఎక్కడ ఎదురవుతుందో, కాంట్రాలో జలపాతం ఎక్కేటప్పుడు ఏ మెట్టు దగ్గర లైఫ్ పోతుందో చూసేవాళ్ల వేళ్లకే గుర్తుంటుంది. అందుకే స్ట్రీమర్ ఆ చోటికి చేరకముందే చాట్ వేగం అందుకుంటుంది. ఆ ఘట్టాన్ని ఈ మనిషి ఎలా దాటుతాడన్నదే చూడవలసిన సంగతి.

ఇలా చూడటం గుంటూరు ప్రాంతం వాళ్లకు కొత్త కాదు. పొన్నూరు, తెనాలి, బాపట్ల చుట్టుపక్కల శ్రీరామనవమి పందిళ్లలో, తిరునాళ్లలో పద్యనాటకానికి వచ్చి కూర్చున్న జనానికి కథ తెలుసు, పద్యాలు కంఠతా వచ్చు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల్లో కృష్ణుడు ఏ పద్యం ఎప్పుడు ఎత్తుకుంటాడో తెలిసే తెల్లవార్లూ కూర్చుంటారు. ఈ నటుడు రాగం ఎంత దూరం తీస్తాడు, ఎక్కడ విరుస్తాడు అన్నదాని మీదే చెవి. నచ్చితే ‘వన్స్ మోర్’ అని కేకలు వేస్తారు, నటుడు మళ్లీ అందుకుంటాడు. 1901లో సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య, 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు అలాంటి జనం ముందు నిలిచి పేరు తెచ్చుకున్నవాళ్లు. పద్యం తెలిసిన శ్రోత మెచ్చుకోలుకు బరువెక్కువ, తప్పు పడితే అతని కోపమూ ఎక్కువే. పాత ఆట ప్రసారంలో చాట్ స్వభావం సరిగ్గా ఇదే.

పుట్టుక

ఇంకొకరు పాత ఆట ఆడుతుంటే చూడటంలో ఆనందం ఉందని టీవీయే ముందు కనిపెట్టింది. 2003లో జపాన్‌లో ఫుజీ టీవీ వారు ‘గేమ్ సెంటర్ సీఎక్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. హాస్యనటుడు షిన్యా అరినో నింటెండో ఫామికామ్ యంత్రం నాటి ఒక కష్టమైన ఆట ముందు గంటల తరబడి కూర్చుంటాడు. ఆయన గొప్ప ఆటగాడు కాడు. ఎక్కడ పడతాడో చూసేవాళ్లకు తెలుసు, మళ్లీ మళ్లీ అక్కడే పడతాడు. చివరికి దాటినప్పుడు ఇంట్లో కూర్చున్నవాళ్లు కూడా ఊపిరి పీల్చుకుంటారు. అది రికార్డు చేసి చూపే కార్యక్రమమే గానీ, తర్వాతి స్ట్రీమర్లందరూ నడిచిన దారి అదే.

ప్రేక్షకుడి మాట తెర మీదికెక్కడం కూడా జపాన్‌లోనే ముందు జరిగింది. 2006 డిసెంబరులో వచ్చిన నికోనికో వీడియో సైట్‌లో వ్యాఖ్యలు బొమ్మ మీదుగానే కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతాయి. అక్కడ చప్పట్లకు బదులు 8 అంకెను వరసగా కొడతారు, ఆ అంకె పలుకుబడి చప్పట్ల చప్పుడును గుర్తుచేస్తుందని.

2007లో అమెరికాలో మొదలైన జస్టిన్ టీవీ అనే ప్రత్యక్ష ప్రసార సైట్‌లో వీడియో గేమ్‌ల భాగం మిగిలినవాటిని మించి పెరిగింది. 2011 జూన్‌లో దాన్ని ట్విచ్ పేరుతో విడదీశారు. 2014 ఆగస్టులో అమెజాన్ సంస్థ ట్విచ్‌ను 97 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడు యూట్యూబ్ కూడా గేమింగ్ ప్రసారాలకు ప్రత్యేక విభాగం పెట్టింది. తెలుగువాళ్లు ఎక్కువగా చూసేది యూట్యూబ్‌లోనే.

టెట్రిస్: తెర స్తంభిస్తే విజయం

ప్రేక్షకుల స్పందనను అర్థం చేసుకోవడానికి టెట్రిస్‌ను మించిన ఉదాహరణ లేదు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన ఈ ఆటకు 1989లో నింటెండో ఎన్ఈఎస్ యంత్రం కోసం ఒక రూపం వచ్చింది. అందులో 29వ లెవెల్‌కు వచ్చేసరికి ముక్కలు ఎంత వేగంగా రాలతాయంటే, బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క అంచుకు చేరేలోపే కింద పడిపోతుంది. మనిషికి అక్కడితో ఆట ముగిసినట్టేనని ఏళ్ల తరబడి అందరూ నమ్మారు. 2011లో థోర్ ఆకర్లండ్ బటన్‌ను అతివేగంగా టపటపా కొట్టే పద్ధతితో 30వ లెవెల్ చేరాడు.

2010 నుంచి ఏటా జరుగుతున్న క్లాసిక్ టెట్రిస్ ప్రపంచ పోటీలు ఈ ఆటకు జనాన్ని తెచ్చాయి. ఏడుసార్లు విజేత అయిన జోనస్ న్యూబౌర్‌ను 2018లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన ఫైనల్‌లో 16 ఏళ్ల జోసెఫ్ సేలీ ఓడించాడు. ఆట విడుదలైన చాలా ఏళ్లకు పుట్టిన పిల్లవాడు అతను. ఆ ఫైనల్ వీడియో లక్షలమందికి చేరింది. చూసినవాళ్లలో ఎందరో పిల్లలు పాత యంత్రాలు సంపాదించి సాధన మొదలుపెట్టారు. ఇక్కడ ప్రేక్షకుల స్పందన చప్పట్లతో ఆగక, కొత్త ఆటగాళ్ల తరాన్నే తయారుచేసింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు ‘రోలింగ్’ వచ్చింది: కంట్రోలర్ వెనక వైపు వేళ్లను వరసగా దొర్లిస్తూ బటన్‌ను ముందుకు తోసే పద్ధతి. దాంతో 29వ లెవెల్ గోడ పూర్తిగా కూలిపోయింది.

2023 డిసెంబరు 21న ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్, ‘బ్లూ స్కూటీ’ అనే పేరుతో ఆడుతూ 157వ లెవెల్‌లో ఆటను స్తంభింపజేశాడు. అప్పటికి సుమారు 38 నిమిషాలుగా ఆడుతున్నాడు. తెర మీద స్కోరు 999999 దగ్గర ఎప్పుడో ఆగిపోయింది. టెట్రిస్ తెలియని మనిషి ఆ క్షణాన్ని చూస్తే యంత్రం చెడిపోయిందనుకుంటాడు. తెలిసినవాళ్లకు అది 34 ఏళ్ల నిరీక్షణ ఫలించిన క్షణం. ఆటలోని ప్రోగ్రామును శోధించినవాళ్లు ఏ లెవెల్ దాటాక, ఎన్ని వరసలు తీస్తే ఆట నిలిచిపోతుందో అంతకుముందే లెక్కగట్టి ఉంచారు. ఆ లెక్క తెలిసిన ప్రేక్షకులు 155వ లెవెల్ నుంచే ఊపిరి బిగబట్టుకున్నారు. కుర్రవాడు ఉక్కిరిబిక్కిరై వేళ్లు తిమ్మిరెక్కాయని చెప్పడం వీడియోలో వినిపిస్తుంది. ఆ నెలలోనే మరణించిన తండ్రికి ఆ విజయాన్ని అంకితం చేశాడు.

వార్త ప్రపంచమంతా పాకాక, బ్రిటన్‌లోని స్కై న్యూస్ చానెల్‌లో వార్తలు చదివే ఆమె, బయటికెళ్లి మంచి గాలి పీల్చుకొమ్మని ఆ పిల్లవాడిని ఉద్దేశించి అన్నారు. టెట్రిస్ అభిమానులు దీనిమీద మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. చదరంగంలోనో పరుగు పందెంలోనో 13 ఏళ్ల పిల్లవాడు ప్రపంచంలో మొదటివాడైతే ఎవరూ ఆ మాట అనరు. పజిత్నోవ్ మాత్రం వీడియో కాల్‌లో అతన్ని పలకరించి అభినందించాడు. 2024 అక్టోబరులో మైకేల్ ఆర్టియాగా అనే మరో కుర్రవాడు, ఆట మధ్యలో ఆగిపోకుండా సవరించిన రూపంలో 255వ లెవెల్ దాటి తిరిగి సున్నాకు చేరాడు. అదీ ప్రత్యక్ష ప్రసారంలోనే.

లక్షల చేతులు, ఒక్క ఆట

చూసేవాళ్ల స్పందనే ఆటగా మారిన సందర్భం 2014 ఫిబ్రవరి 12న మొదలైంది. పేరు బయటపెట్టని ఒక ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ ట్విచ్‌లో ‘పోకెమాన్ రెడ్’ ఆటను పెట్టి, చాట్‌లో ఎవరేం రాస్తే ఆ బటన్ నొక్కుకునేలా ఏర్పాటు చేశాడు. ‘ట్విచ్ ప్లేస్ పోకెమాన్’ అన్నారు దాన్ని. ఆ ఆట జపాన్‌లో 1996లో గేమ్ బాయ్ యంత్రం కోసం వచ్చింది. ఎడమ, కుడి, పైకి, కిందికి అంటూ వేలమంది ఒకేసారి రాస్తుంటే కథానాయకుడు గోడకు కొట్టుకుంటూ, వెనక్కి తిరుగుతూ, అంగుళం అంగుళం నడిచాడు. ఒక దశలో లక్షా ఇరవై వేల మందికి పైగా ఒకేసారి చూశారు. ఆదేశాలు రాసినవాళ్ల సంఖ్య 11,65,140 అని గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. మార్చి 1న ఆట పూర్తయింది, పదహారు రోజులకు పైగా పట్టింది.

ప్రసారం చూసేవాళ్లకు చేరడానికి కొన్ని సెకన్లు ఆలస్యమయ్యేది. అంటే ప్రతి ఒక్కరూ గడిచిపోయిన దృశ్యాన్ని చూస్తూ, రాబోయే దృశ్యానికి బటన్ నొక్కవలసిందే. అంచున నడిచే ఒక మెట్టు దగ్గర గంటల తరబడి ఇరుక్కుపోవడానికి అదే కారణం. విసుగెత్తి నిర్వాహకుడు ఓటింగ్ పద్ధతి పెట్టాడు. కొంతసేపు వచ్చిన ఆదేశాల్లో ఎక్కువమంది కోరినదే చెల్లుతుంది. దానికి ‘ప్రజాస్వామ్యం’ అని, పాత పద్ధతికి ‘అరాచకం’ అని పేర్లు. ప్రజాస్వామ్యంతో పని జరుగుతుంది, కానీ సరదా పోతుందని చాట్‌లో చాలామంది తిరగబడ్డారు. రెండు పక్షాల మధ్య తగవు ఆట అయిపోయేదాకా సాగింది.

గందరగోళంలో నుంచి కథలూ పుట్టాయి. సంచిలో ఉన్న హీలిక్స్ శిలాజాన్ని యుద్ధం మధ్యలో పొరపాటున మళ్లీ మళ్లీ ఎంచుకోవడం జరిగేది. యుద్ధంలో ఏ పనికీ రాని ఆ వస్తువును కష్టమొచ్చినప్పుడల్లా నాయకుడు సలహా అడుగుతున్నాడని ప్రేక్షకులు కథ కట్టి, దాన్ని దేవుణ్ని చేశారు. బొమ్మలు గీశారు, స్తోత్రాలు రాశారు. పెంచిన పోకెమాన్‌లను తెలియక వదిలేసినప్పుడు సంతాపం చెప్పుకున్నారు. ఆట తయారుచేసినవాళ్లు ఊహించని కథను చూసేవాళ్లు అల్లారు. ఆట పాతది, అందరికీ తెలిసినది కావడంవల్లే ఇది సాధ్యమైంది. కొత్త ఆట అయితే కథ తెలుసుకునే తొందరలో ఇంత తీరిక దొరికేది కాదు.

సెకను ముక్కల ఉత్కంఠ

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌ను అతి తక్కువ సమయంలో ముగించే ‘స్పీడ్‌రన్’ ప్రసారాల్లో స్పందన మరో రకం. మొత్తం ఆట అయిదు నిమిషాల లోపే. 2021 ఏప్రిల్‌లో నిఫ్ట్‌స్కీ అనే పేరుతో ఆడే ఆటగాడు 4 నిమిషాల 55 సెకన్ల హద్దును తొలిసారి దాటాడు. అతని కాలం 4:54.948.

ఈ ఆటలో ఒక విచిత్రం ఉంది. లెవెల్ పూర్తయిందో లేదో యంత్రం 21 ఫ్రేములకు ఒకసారే చూసుకుంటుంది, అంటే సుమారు 0.35 సెకన్లకు ఒకసారి. ఆ లోపల ఎంత ముందు చేరినా లాభం లేదు, ఒక్క ఫ్రేము ఆలస్యమైతే పూర్తి 0.35 సెకను పోతుంది. ఇది తెలిసిన ప్రేక్షకుడు జెండా స్తంభం దగ్గర మారియో దూకిన క్షణంలోనే ఆ ప్రయత్నం నిలిచిందో పోయిందో చెప్పేస్తాడు. తెలియనివాడికి ఏమీ తేడా కనిపించదు. కొందరు స్ట్రీమర్లు తమ గుండె కొట్టుకునే వేగాన్ని కూడా తెర మూల చూపిస్తారు. చివరి లెవెల్‌లో ఆ అంకె పైకి పోతుంటే చాట్ మొత్తం ఉత్కంఠలో మునిగిపోతుంది.

ఇంత తెలిసినవాళ్లు ఊరికే చప్పట్లు కొట్టి ఊరుకోరు, పరీక్షకులుగా మారతారు. అటారీ యంత్రం కోసం వచ్చిన ‘డ్రాగ్‌స్టర్’ ఆటలో టాడ్ రోజర్స్ పేరిట 1982 నుంచి 5.51 సెకన్ల రికార్డు ఉండేది. ఆట ప్రోగ్రామును విడదీసి లెక్కగట్టిన అభిమానులు ఆ కాలం సాధ్యం కాదని, 5.57 కన్నా తగ్గదని తేల్చారు. 2018 జనవరిలో రికార్డుల సంస్థ ట్విన్ గెలాక్సీస్ దాన్ని తొలగించింది. ఇప్పుడు పెద్ద రికార్డులకు వీడియో ఉండటం తప్పనిసరి. ప్రత్యక్ష ప్రసారంలో వేలమంది కళ్లముందు సాధించిన దానికి ఉన్న విలువ వేరు.

చాట్ మాట తీరు

పదిమంది ఉన్న చాట్ సంభాషణ. పదివేలమంది ఉన్న చాట్ హోరు. 2014లో హామిల్టన్, గారెట్సన్, కెర్న్ అనే పరిశోధకులు ట్విచ్ ప్రసారాల మీద రాసిన పత్రం ఈ తేడాను గుర్తించింది. చిన్న ప్రసారాల్లో స్ట్రీమర్ పేరు పెట్టి పలకరిస్తాడు, పరిచయాలు ఏర్పడతాయి. పెద్దవాటిలో వ్యాఖ్యలు చదవడానికి వీల్లేనంత వేగంగా దొర్లిపోతాయి. అక్కడ వాక్యానికి బదులు బొమ్మ పనిచేస్తుంది. ట్విచ్‌లో వీటిని ఎమోట్లు అంటారు. ఎగతాళికి వాడే ‘కప్పా’ అనే బొమ్మ, జస్టిన్ టీవీలో పనిచేసిన జోష్ డిసెనో అనే ఉద్యోగి ముఖం. నమ్మలేని ఆట చూసినప్పుడు వాడే ‘పాగ్‌చాంప్’ బొమ్మలోని వ్యక్తి అమెరికా పార్లమెంటు భవనంపై దాడి సమయంలో చేసిన ప్రకటనల కారణంగా, 2021 జనవరిలో ట్విచ్ దాన్ని తీసేసింది.

పాత ఆటలకే ప్రత్యేకమైన తగవు సలహాల గురించి. మొదటిసారి ఆడుతున్న స్ట్రీమర్‌కు దారి చెప్పేయాలని తెలిసినవాళ్ల చేతులు దురదపెడతాయి. కొందరు అడిగి మరీ చెప్పించుకుంటారు, మరికొందరు చాట్‌ను అదుపుచేసే మోడరేటర్లను పెట్టి సలహాలను తుడిపేస్తారు. సలహా ఇచ్చేవాళ్లది గర్వమని చాలామంది తీసిపారేస్తారు. కానీ చిన్నప్పుడు వారాల తరబడి ఇరుక్కుపోయిన చోట ఇంకొకరు ఇరుక్కుంటే చూస్తూ ఊరుకోలేకపోవడంలో ఆత్మీయతే ఎక్కువ.

తెలుగు ప్రేక్షకులు

ఏది పాత ఆట అన్నది ఊరిని బట్టి మారుతుంది. అమెరికా ప్రేక్షకుడి బాల్యం నింటెండో యంత్రంతో గడిచింది. 1990ల్లో మన ఊళ్లకు చేరినవి సమురాయ్, మీడియా వంటి పేర్లతో వచ్చిన పెట్టెలు, ఆ తర్వాత చైనా నుంచి వచ్చిన నకళ్లు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది, లోపల అవే కొన్ని ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే తుపాకీ ఆట ఇలాగే అందరికీ తెలిశాయి. ఇంకో తరానికి కంప్యూటర్ సెంటర్లలో డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్. ఆ తర్వాత వచ్చినవాళ్లకు 2002 నాటి జీటీఏ వైస్ సిటీయే పాత ఆట.

పొన్నూరు వంటి చిన్న పట్టణాల్లో వీధికో రెండిళ్లలో ఆ పెట్టె ఉండేది. ఇద్దరు ఆడితే మిగిలిన పిల్లలంతా వెనక కూర్చుని చూసేవాళ్లు. ‘దూకరా, దూకు’, ‘ఒక్క లైఫ్ నాకివ్వరా’, ‘చచ్చావుగా, నా వంతు’ అన్న కేకల మధ్యే ఆట సాగేది. ఆడిన గంటలకన్నా చూసిన గంటలే ఎక్కువ. అందువల్ల ఇంకొకరు ఆడుతుంటే చూడటంలో ఏముందన్న ప్రశ్న ఈ తరానికి తట్టదు. చాట్‌లో రాసే మాటలు కూడా అవే, కాకపోతే వంతు కోసం తగాదా లేదు.

తెలుగులో గేమింగ్ ప్రసారాలకు పెద్ద ఊపు 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక అందింది. జనం ఎక్కువగా చూసింది పబ్‌జీ, ఫ్రీ ఫైర్ వంటి మొబైల్ యుద్ధ ఆటలనే. 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్‌జీని నిషేధించింది, మరుసటి జూలైలో బీజీఎంఐ పేరుతో దాని భారతీయ రూపం వచ్చింది. వీటి మధ్య పాత ఆటల ప్రసారం చిన్న పాయ. ఆ పాయలోనే మాట నింపాదిగా నడుస్తుంది. స్ట్రీమర్‌ను ‘అన్నా’, ‘బ్రో’, ‘మామా’ అని పిలుస్తారు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. ఆట సంగతి రెండు ముక్కలయ్యాక మేనమామ ఇల్లు, వేసవి సెలవులు, కరెంటు పోయి మొదటికొచ్చిన ఆట మొదలవుతాయి. పాత పెట్టెల్లో ఆటను దాచుకునే వీలు లేదు, కరెంటు పోతే అంతా పోయినట్టే. ఆ బాధ తెలిసినవాళ్లే దాని గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా రాస్తారు.

కాంట్రా ప్రసారాల్లో 30 లైఫుల కోడ్ మీద చర్చ తప్పకుండా వస్తుంది. 1986లో ‘గ్రాడియస్’ ఆటను ఫామికామ్‌కు మార్చేటప్పుడు, తాను పరీక్షించుకోవడం కష్టమై కొనామీ సంస్థ ఉద్యోగి కజుహిసా హషిమోతో పెట్టుకున్న బటన్ల వరస అది. ఆయన 2020 ఫిబ్రవరిలో కన్నుమూశారు. కోడ్ వాడితే గెలిచినట్టా కాదా అన్నది అభిమానుల మధ్య తేలని తగువు.

ప్రేక్షకుల చందాలు

2010 జనవరిలో మైక్ ఉయామా, మరికొందరు మిత్రులు పాత ఆటలను వేగంగా ఆడుతూ దానధర్మాల కోసం ప్రసారం చేశారు. హోటల్‌లో ఇంటర్నెట్ సరిగా లేకపోవడంతో ఉయామా తల్లి ఇంటి నేలమాళిగకు మారవలసి వచ్చింది. ఆ మొదటి ప్రయత్నంలో కేర్ అనే సేవాసంస్థకు పదివేల డాలర్లకు పైగా వచ్చాయి. ‘గేమ్స్ డన్ క్విక్’ పేరుతో ఏటా రాత్రింబవళ్లు వారం రోజులు సాగే ఈ ప్రసారం 2020 జనవరిలో 30 లక్షల డాలర్లు దాటింది. చందా ఇచ్చేవాళ్లు రాసిన మాటలను గట్టిగా చదువుతారు. క్యాన్సర్‌తో పోయిన తల్లి గురించి, చిన్నప్పుడు కలిసి ఆడిన అన్న గురించి రాసినవి విని ఏడ్చేవాళ్లూ ఉంటారు. 1994 నాటి ‘సూపర్ మెట్రాయిడ్’ చివర్లో జంతువులను కాపాడాలా వదిలేయాలా అన్నది చందాలే తేలుస్తాయి. కాపాడితే ఆటగాడికి కొన్ని సెకన్లు నష్టం. ఆ రెండు పక్షాల పోటీలో సంస్థకు చేరే డబ్బు మాత్రం పెరుగుతూ ఉంటుంది.

హక్కులు, నిల్వ

పాత ఆటలైనా వాటి హక్కులు సంస్థలవే. నింటెండో 2015లో తన ఆటల వీడియోల ఆదాయంలో వాటా తీసుకునే పథకం పెట్టి, 2018లో దాన్ని ఎత్తేసి సడలించిన నియమాలు ప్రకటించింది. అంతకన్నా పెద్ద చిక్కు నిల్వది. ట్విచ్‌లో ప్రసారాల పూర్తి రికార్డులు కొద్ది రోజులో, వారాలో మాత్రమే ఉంటాయి. ఎప్పటికీ ఉంటాయనుకున్న ఎంపిక భాగాల మీద కూడా 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో ఖాతాకు 100 గంటల పరిమితి విధించారు. దశాబ్దం పైబడిన స్పీడ్‌రన్ రికార్డులకు ఆధారాలు అక్కడే ఉండటంతో అభిమానులు హడావిడిగా వాటిని వేరేచోట్లకు ఎక్కించే పని పెట్టుకున్నారు. వీడియోతో పాటు చాట్‌ను కూడా భద్రపరచాలి. ఒక రికార్డు పడినప్పుడు ఆటగాడు ఏం చేశాడో వీడియో చూపిస్తుంది, అది ఎంత గొప్పదో చూసిన జనానికి ఏ క్షణంలో అర్థమైందో చాట్‌లోనే తెలుస్తుంది.